అందించిన మాట

నెట్ ఆగిపోవడం కాదు నాయనా. మొన్న ఫోన్లో నువ్వు అడిగావు కదా, నేను చెప్పడం అయిపోయాక కూడా నువ్వు అట్లా చూస్తూ ఉంటావేమి అవ్వా, స్క్రీన్ గాని ఇరుక్కుపోయిందా అని. మీ అక్క పక్కనుంచి నవ్వింది. అవ్వ దగ్గర జవాబు రావాలంటే ఒక టీ పెట్టుకుని తాగి రావచ్చని మీ అమ్మ వంటింట్లోంచి అంది. స్క్రీన్ ఇరుక్కోలేదు. నీ మాట నిజంగా పూర్తయిందా, ఇంకా ఏమైనా లోపల ఉందా అని ఆగుతాను. అది నా ఉద్యోగంలో పట్టుకున్న అలవాటు. ఇప్పుడు మానుకుందామన్నా పోదు.

మీ బళ్ళో అడిగితే మా అవ్వ టీచర్ అని చెప్తున్నారట. టీచర్ని కాదు. గవర్నమెంటు బళ్ళల్లో స్పీచ్ థెరపిస్టుని. మీ పూణేలో అయితే ఆ పేరు గల బోర్డు కిందికి చెప్పులు విడిచి పోతారు, ముందే ఫోన్ చేసి టైము అడుగుతారు. నా దగ్గర బోర్డు లేదు. మొదట కడప వైపు, కమలాపురం, వేంపల్లె బళ్ళు తిరిగాను. మీ తాత కర్నూలు మారాక కల్లూరులో కాపురం పెట్టి, పొద్దున్నే బస్సెక్కి, రోజుకొక మండలం. కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి ఎండాకాలం ముగిసేటప్పుడు మళ్ళీ తీసుకుంటారా లేదా అని ఎదురుచూడటం.

బళ్ళల్లో నన్ను మాటల మేడమ్ అనేవాళ్ళు. గౌరవంగా కాదు. ఒక హెడ్మాస్టరు నన్ను చూసిన మొదటి రోజే స్టాఫ్‌రూములో అందరి ముందూ, "మాట్లాడేది నేర్పేదానికి గూడా మనిషిని పెట్టినారా? మా ఇంట్లో ఆడోళ్ళకు మాట్లాడకుండా ఉండేది నేర్పియ్యండి మేడమ్, దుడ్లు నేనే ఇస్తా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. కాంట్రాక్టు మనిషి నవ్వకపోతే బాగుండదు. నాకిచ్చే గది ఎక్కడైనా ఒకటే, మధ్యాహ్నం భోజనం బియ్యం మూటలు పెట్టుకునే గది. మూటల మధ్య రెండు స్టూళ్ళు. ఎలుకల వాసన. అక్కడ కూర్చుని పిల్లల నోట్లోంచి మాట వచ్చేదాకా ఆగడమే నా పని. నేర్పేది తక్కువ, ఆగేది ఎక్కువ. బయటినుంచి చూసినవాళ్ళకు నేనూ ఆ పిల్లా ఊరికే కూర్చున్నట్టు కనపడేది. ఊరికే కూర్చుని జీతం తీసుకుంటుందని చెవిన పడేటట్టే అనేవాళ్ళు.

ఆ బళ్ళలో ఒకటి కర్నూలుకు పడమర, కర్ణాటక సరిహద్దు దగ్గర, ఆడపిల్లల హాస్టల్ బడి. దాని పేరు మీకెందుకులే. గురువారం నా వంతు. అక్కడే ఆ పిల్ల.

అప్పుడు ఆరో తరగతి. సన్నగా, జుట్టు గట్టిగా రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టుకుని, క్లాసులో చివరి వరసలో కూర్చునేది. ఆ పిల్లను నా దగ్గరికి పంపించింది నత్తి ఉందని కాదు, బడికి సరిగ్గా రావడం లేదని. హాస్టల్లోనే ఉండే పిల్ల బడికి రాకపోవడమేమి అని నాకు వింతగా అనిపించింది. సంగతి ఏమంటే, పొద్దున టీచరు పేర్లు పిలుస్తుంది. పిల్లలు "ప్రెజెంట్ టీచర్" అనాలి. ఈ పిల్ల పేరు రాగానే గొంతు బిగుసుకుపోతుంది. పెదాలు ముడుచుకుంటాయి, కళ్ళు పైకి పోతాయి, ఆ 'ప్రె' బయటికి వచ్చేలోపల టీచరు తర్వాతి పేరు పిలిచేస్తుంది. వారంలో సగం రోజులు ఆ పిల్ల క్లాసులో కూర్చునే గైర్హాజరు. ఎప్పుడన్నా పక్కపిల్ల జాలిపడి ఆమె బదులు పలికితే ఆ రోజుకు హాజరు.

వాళ్ళమ్మ ఒకసారి నన్ను చూడటానికి వచ్చింది. కూలిపని చేసుకునే క్రైస్తవ కుటుంబం వాళ్ళది. బియ్యం మూటకు ఆనుకుని కింద కూర్చుంది, స్టూలు మీద కూర్చోమంటే కూర్చోలేదు. చిన్నప్పుడు వస రుద్దలేదా అని ఊరంతా అడుగుతుందట. రుద్దారట, మంట పుట్టేదాకా. గుడిగంటలో నీళ్ళు పోసి తాగిస్తే మాట తిరుగుతుందని ఎవరో అంటే, చర్చి ఫాదరుకు తెలియకుండా ఆ పిల్ల అవ్వ ఆ నీళ్ళు కూడా తెచ్చి తాగించిందట. దర్గాలో తాయెత్తు కట్టించారట. "ముగ్గురు దేవుళ్ళకూ చెప్పుకున్యాం మేడమ్. ఎవురూ పలకలేదు. వాళ్ళకు గూడా నత్తేమో" అంది. అని తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. "పాట పాడితే మాత్రం తేనె మేడమ్. సెలవలకు ఇంటికొస్తే ఆదివారం చర్చిలో మైకు ముందర నిలబెడతారు. ఒక్కసారి గూడా తట్టుకోదు. మాట్లాడితేనే ఎవురో గొంతు పట్టుకున్నట్ల చేస్తాది."

ఇందులో విచిత్రమేమీ లేదు నాయనా. నత్తి ఉన్నవాళ్ళకు పాటలో నత్తి రాదు. పదిమందితో కలిసి చదివితే రాదు. ప్రార్థనలో అందరితో కలిసి ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు రాదు. ఒక్కరే నిలబడి, ఎదుటివాళ్ళు కళ్ళల్లోకి చూస్తూ "చెప్పు" అంటే వస్తుంది. ఈ ఒక్క సంగతి ఆ బళ్ళో వాళ్ళకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. వాళ్ళు తలూపేవాళ్ళు. నేను పోయాక, "పాటకు రాని నత్తి పాఠానికొస్తాదా, మొండితనం గానీ" అనుకునేవాళ్ళు.

ఆ పిల్లకు హాస్టల్ అంటే చదువు ఒక్కటే కాదు. అటువైపు ఊళ్ళల్లో వానలు లేక, పత్తి అయిపోగానే ఇళ్ళకు తాళాలు వేసుకుని సుగ్గికి పోతారు. సుగ్గి అంటే గుంటూరు వైపు మిరపకాయల కోతకు మూటాముల్లె కట్టుకుని కుటుంబాలతో పోవడం. పిల్లల్ని కూడా తీసుకుపోతారు, చిన్న చేతులు కాయ జోరుగా తెంపుతాయని. ఒకసారి పోయిన పిల్ల మళ్ళీ బడికి రావడం తక్కువ. హాస్టల్లో ఉన్నన్నాళ్ళే ఆ పిల్లకు సుగ్గి తప్పేది. వాళ్ళ అక్క అప్పటికే బడి మానేసి సుగ్గికి పోయింది. ఈ పిల్లనైనా పదో తరగతి గట్టెక్కించాలని తల్లి పట్టు. తండ్రికి అంత పట్టు లేదు. ఏదో ఒక వంక దొరికితే తీసుకుపోదామని చూసే మనిషి. చెడ్డవాడని కాదు. ఇంకో రెండు చేతులుంటే ఇంట్లో తిండికి తేలిక.

నేను ఆ పిల్లతో మొదట కలిసి చదివాను. ఇద్దరం ఒకే గొంతుతో. చదువుతూ చదువుతూ నా గొంతు తగ్గించేదాన్ని. తగ్గించి తగ్గించి ఒకచోట పెదాలు మాత్రం కదిలించేదాన్ని. ఆ పిల్ల గమనించకుండానే ఒంటరిగా నాలుగు వాక్యాలు చదివేసేది. గమనించిన క్షణం మళ్ళీ ఇరుక్కునేది. అప్పుడు ఆగమనేదాన్ని. తోసుకుని రావద్దు, ఆగు. అరచేయి తొడమీద పెట్టుకో. ఊపిరి వదిలెయ్. వంకలో నీళ్ళు పారేటప్పుడు కాలు ఎట్లా పెడతావు, లోతు చూసుకుంటూ మెల్లగా కదా, మాటలో కూడా అట్లాగే దిగు. అరచేయి, ఊపిరి, అప్పుడు మాట. రెండేళ్ళు ఆ బియ్యం మూటల మధ్య ఇదే పని. మేమిద్దరం పెట్టుకున్న షరతు ఇంకొకటి ఉంది. ఆమె మాట మధ్యలో ఆగితే నేను అందించను. ఆమె ఏమనబోతుందో నాకు తెలిసినా సరే, అందించను.

మాట అందించడం అంటే మనవాళ్ళకు మంచితనం. ఎవరైనా మాట కోసం తడుముకుంటుంటే అందుకుని పూర్తి చేసేస్తారు, సాయం చేశామనుకుంటారు. నత్తి ఉన్నవాళ్ళకు అంతకంటే హాని లేదు. ఎందుకంటే ఆ ఇరుకులోంచి బయట పడటానికి, ఎదుటివాళ్ళు ఏది అందిస్తే దానికే తల ఊపేస్తారు. నీళ్ళు అడగాలనుకుని మజ్జిగ తాగేస్తారు. అది కాదు అని చెప్పాలన్నా మళ్ళీ మాట్లాడాలి కదా. ఆ పిల్ల కొట్లో ఎర్ర రిబ్బను కోసం పోయి పచ్చ రిబ్బనుతో తిరిగి వచ్చేది. అడిగితే నవ్వేది.

ఎనిమిదో తరగతిలో, దసరా సెలవులు అయ్యాక ఒక గురువారం, పేర్లు పిలిచేటప్పుడు నేను వరండాలో ఉన్నాను. ఆమె పేరు వచ్చింది. కిటికీలోంచి చూశాను. అరచేయి తొడ మీద పెట్టింది. ఊపిరి వదిలింది. "ప్రెజెంట్ టీచర్" అంది. మెల్లగా, కొంచెం సాగదీసి, కానీ తనే అంది. టీచరు తల ఎత్తలేదు. తర్వాతి పేరు పిలిచింది. నేను ఆ మూటల గదిలోకి పోయి కూర్చున్నాను. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. సాయంత్రం బస్సులో మీ తాతకు ఫోన్ చేసి చెప్తే, దీనికోసమా రెండేళ్ళు తిరిగింది అన్నాడు. ఆయనా అంతే.

ఆ సంక్రాంతి దాటాక జరిగింది ఇది. హాస్టల్లో సెల్‌ఫోన్ పెట్టుకోకూడదు. తనిఖీ చేస్తే ఆ పిల్ల ట్రంకుపెట్టెలో బట్టల కింద ఒక సెల్‌ఫోన్ దొరికింది. ఆమె పెట్టెకు తాళం లేదు, గొళ్ళెం విరిగిపోయి చాలారోజులైంది. ఆ సంగతి హాస్టల్లో అందరికీ తెలుసు. ఎవరిదని అడిగితే ఆ పిల్ల నోరు తెరిచి నిలబడిపోయిందట. ఇంటికి కబురు పెట్టారు. గురువారం పొద్దున నేను బస్సు దిగి లోపలికి పోయేసరికి వంటామె నీళ్ళ బిందె దించి, పెద్ద మేడమ్ గదిలో పంచాయతీ జరుగుతోందని చెప్పింది. హెడ్మిస్ట్రెస్‌ని అక్కడందరూ పెద్ద మేడమ్ అంటారు.

గదిలో పెద్ద మేడమ్, బడి కమిటీ చైర్మను, వార్డెను. చైర్మను ఆ ఊళ్ళో భూములున్న రైతు, మెత్తగా మాట్లాడే మనిషి, ఎవరికి కష్టమొచ్చినా ముందుంటాడని పేరు. తండ్రి గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. సుగ్గికి పోవడానికి వాళ్ళ ఊరి వాళ్ళందరూ అప్పటికే మాట్లాడుకుని ఉన్నారు. పిల్ల టేబులు ముందు నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆమె భుజాలు కొంచెం కిందికి దిగాయి.

నన్ను కూర్చోమన్నారు. "మీరు ఉంటే ఉండండి మేడమ్. అందియ్యొద్దు" అంది పెద్ద మేడమ్.

నేను ఎప్పుడూ అందించను. అదే చెప్పాను. ఆ పిల్లకు కొంచెం టైము పడుతుంది, ఆపకుండా చివరిదాకా చెప్పనివ్వండి, అంతే చాలు అన్నాను. ఇంకొక మాట కూడా చెప్పాను. ఆ పిల్లకు ఫోనంటేనే భయం. ఆదివారం ఇంటికి మాట్లాడించేటప్పుడు కూడా తను మాట్లాడకుండా స్నేహితురాలి చేత మాట్లాడిస్తుంది. నత్తి ఉన్నవాళ్ళకు ఫోన్ అంటే ఉరితాడు. అట్లాంటి పిల్ల దొంగతనంగా ఫోన్ పెట్టుకుని ఏం చేసుకుంటుంది? వార్డెనుకు ఇది తెలుసు. వార్డెను కిటికీలోంచి బయటికి చూసింది.

"ఎవురిచ్చినారు నీకు ఇది?" అని అడిగింది పెద్ద మేడమ్.

ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? నేను నేర్పినట్టే చేసింది. తోసుకుని రాలేదు. కంగారుపడలేదు. అరచేయి తొడమీద ఆనించింది. ఊపిరి వదిలింది. అంత భయంలో కూడా, నాన్న బయట నిలబడి వింటున్నాడని తెలిసి కూడా, ఆగింది.

"చూడండి సార్, ఆలోచన చేస్తాండాది" అంది పెద్ద మేడమ్ చైర్మను వైపు తిరిగి. "నిజం చెప్పేదానికి ఆలోచన యాల?"

టైమివ్వండి మేడమ్ అన్నాను. టైమిస్తే కథ అల్లుకుంటుందని ఆమె జవాబు. పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అరచేయి, మళ్ళీ ఊపిరి. ఈసారి చైర్మను నవ్వుతూ అడ్డం వచ్చాడు. "ఆదివారం మైకు పట్టుకోని గలగలా పాడతాదంట గదమ్మా. ఆ పొద్దు నత్తి యాడికి పోతాది?" పాటకు నత్తి రాదని నేను మళ్ళీ చెప్పాను. ఎన్నోసారో. ఆయన చేయి ఊపాడు, మాకూ తెలుసులే మేడమ్ అన్నట్టు. నేను బ్యాగులోంచి పెన్ను తీసి టేబులు మీద పెట్టి, రాయనివ్వండి, నోటితో రాకపోతే కాగితం మీద చెప్తుంది అన్నాను. పిల్ల పెన్ను వైపు చెయ్యి చాపింది కూడా. పెద్ద మేడమ్ పెన్ను తీసి పక్కకు పెట్టింది. రాసేదానికైతే ఎవరైనా ఏదైనా రాస్తారు, నిజమైతే నోట్లోంచే రావాలి అంది.

మనలో ఒక నమ్మకం ఉంది నాయనా. నిజం చెప్పేవాడి మాట తడబడదని. కోర్టులో తడబడినవాడు దొంగ, పంచాయతీలో తడబడినవాడు దొంగ. ఆ గదిలో ఉన్నవాళ్ళకు కూడా అదే నమ్మకం. ఆ పిల్ల ఎంత సరిగ్గా ఆగితే అంత అబద్ధంగా కనపడింది వాళ్ళకు.

చివరికి చైర్మనుకు జాలి వేసింది. అందరిలోకి మంచివాడు ఆయనే. కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి, పిల్ల మొహంలోకి చూస్తూ అడిగాడు.

"భయపడొద్దమ్మీ. ఎవురన్నా పిల్లోడిచ్చినాడా? అంతేనా? ఊఁ అను, సాలు. ఎవురూ ఏమీ అనరు."

పిల్ల నా వైపు చూసింది. తల ఊపింది.

ఆ ఊపు నాకు తెలుసు. పచ్చ రిబ్బనుతో కొట్లోంచి వచ్చేటప్పటి ఊపు అది. లేచి, అది ఒప్పుకోవడం కాదు సార్, మీరు అందించిన మాటకు తల ఊపింది, ఇప్పుడు మీరు హత్య చేశావా అని అడిగినా ఊపుతుంది అన్నాను. నా జీవితంలో అంత గట్టిగా మాట్లాడింది అప్పుడే. అప్పటికే తండ్రి లోపలికి వచ్చేశాడు. పిల్లోడు అన్న మాట గుమ్మం దాకా వినపడింది కదా. కొట్టలేదు, తిట్టలేదు. ఎవరి మొహమూ చూడలేదు.

"పెట్టె తీస్కోమ్మీ" అన్నాడు, అంతే.

పెట్టె ఆ పిల్ల మోయలేకపోతే తనే భుజాన పెట్టుకున్నాడు. నేను గేటు దాకా వెనకే పోయాను. ఆయన్ను ఆపి చెప్పడానికి చూశాను. వినిపించుకున్నాడు, మర్యాదగానే. "మీరు మంచోల్లే మేడమ్. అందరూ మంచోల్లే. ఆడబిడ్డ గదా" అన్నాడు. పిల్ల ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. మరుసటి గురువారం ఆ గదిలో నా ఎదుట స్టూలు ఖాళీ. ఆ తర్వాతి గురువారం దాని మీద కూడా బియ్యం మూట పెట్టారు.

మేము పంపించలేదు, వాళ్ళ నాన్నే తీసుకుపోయాడు. ఇది ఆ తర్వాత పెద్ద మేడమ్ అందరికీ చెప్పిన మాట. పై ఆఫీసులో నేను అడిగితే వాళ్ళూ ఇదే అన్నారు. తండ్రే తీసుకుపోయాడు కదమ్మా, మీకెందుకు, మీది స్పీచ్ కదా. అవును, నాది స్పీచ్.

ఎండాకాలం సెలవులకు ముందు ఆఖరి గురువారం, పరీక్షలైపోయి పదో తరగతి పిల్లలు ఇళ్ళకు పోయాక, పెద్ద మేడమ్ నన్ను పిలిచి టీ ఇప్పించింది. మంచి మాటలు చెప్తూ చెప్తూ మధ్యలో అంది, ఆ ఫోన్ పదో తరగతి పిల్లదట. తనిఖీ వస్తోందని తెలిసి, తాళం లేని పెట్టె చూసి అందులో పడేసిందట. పరీక్షల ముందు ఎందుకు గొడవ, ఆ పిల్ల భవిష్యత్తు పాడవుతుందని ఊరుకున్నాం అంది. ఆ పిల్ల భవిష్యత్తు. మరి ఎనిమిదో తరగతి పిల్లను పిలిపిద్దాం అన్నాను. సీటు భర్తీ అయిపోయింది మేడమ్ అంది. "అయినా వాళ్ళు సుగ్గికి పోయినారు గదా, యాడని ఎతుకుతారు?"

వాళ్ళ ఊరికి పోయాను. ఇంటికి తాళం. పక్కింటామె చింతకాయలు కొడుతూ, ఎవరికోసమని అడిగింది. చెప్పాను. "ఓ, ఆ ఫోన్ల పిల్లా? ఎవునితోనో ఫోన్లో మాట్లాడతా దొరికిందంట గదా" అంది. నోరు తెరవని పిల్ల ఫోన్లో ఏం మాట్లాడుతుందమ్మా అని అడిగాను. ఆమె కొట్టేది ఆపి కొంచెం ఆలోచించింది. "ఏమో మేడమ్, ఈ కాలం పిల్లోళ్ళు" అని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కూడా నేను ఆ బడికి పోయాను. పోకపోతే ఏం చేస్తాను? ఇంకా పిల్లలున్నారు. వినపడే మిషన్లు చెవులకు పెట్టుకుని, బ్యాటరీలు అయిపోయి, అట్లాగే అలంకారంగా పెట్టుకున్న పిల్లలు. మీ అమ్మ పెళ్ళయింది, మీరు పుట్టారు, మీ తాత పోయాడు. ఒక సంవత్సరం ఎండాకాలం అయ్యాక నన్ను మళ్ళీ పిలవలేదు. నేనూ అడగలేదు.

పోయినేడు ఒకరోజు బళ్ళారి చౌరస్తా నుంచి ఇంటికి వద్దామని షేర్ ఆటో కోసం నిలబడి ఉన్నాను. కాదు, తప్పు చెప్తున్నాను, పాత బస్టాండు దగ్గర ఎక్కాను. ఎదుటి సీట్లో చంకలో బిడ్డతో ఒక అమ్మాయి కూర్చుంది. మొహం వైపు నేను చూడలేదు. ఆటో అతను వెనక్కి తిరగకుండానే యాడ దిగాలని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. ఆమె వంతు వచ్చింది. అప్పుడు చూశాను, ఆ చెయ్యిని. బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, రెండో అరచేయి తొడమీద ఆనించింది. ఊపిరి వదిలింది.

మొహం కంటే ముందు ఆ చెయ్యిని గుర్తుపట్టాను నాయనా.

"జల్దీ చెప్పమ్మా" అన్నాడు ఆటో అతను. పక్కన కూర్చున్న పెద్దాయన అందుకున్నాడు, సాయం చేద్దామనే. "బళ్ళారి చౌరస్తానేమోలేప్పా." ఆమె తల ఊపింది.

బళ్ళారి చౌరస్తాలో దిగింది. నేను కూడా దిగాను, నా ఇల్లు ఇంకా చాలా ముందుకు ఉన్నా. పిలిచాను. తిరిగి చూసి గుర్తుపట్టింది. "మేడమ్" అంది. ఆ మాట తేలిగ్గా వచ్చింది. నవ్వింది, అదే నవ్వు. ఇక్కడేనా నువ్వు దిగాల్సింది అని అడిగాను. కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, రోడ్డు వెంట ముందుకు చెయ్యి చూపించింది. ఎండలో, బిడ్డతో, ఇంకా ఎంత దూరమో. కొత్తగా కడుతున్న ఇళ్ళ దగ్గర భర్త తాపీ పని చేస్తున్నాడని మెల్లగా, ముక్కలు ముక్కలుగా చెప్పింది. నేను అందించలేదు. చర్చిలో ఇప్పటికీ పాడుతున్నావా అంటే, ఇంత మొహం చేసుకుని ఊఁ అంది. చేతుల వేళ్ళు ఎర్రగా, చివర్లు మొద్దుబారి ఉన్నాయి. మిరపకాయ ఘాటు ఏళ్ళ తరబడి తిన్న వేళ్ళు.

ఒక కొట్టు నీడలో నిలబడ్డాం. బిడ్డకు బిస్కెట్ ప్యాకెట్టు కొనిచ్చాను. అడగకూడదేమో అనుకున్నాను. అడిగితే పాత పుండు కెలికినట్టవుతుందేమో అని. కానీ ఇన్నేళ్ళుగా నాకు తెలియాల్సింది అదొక్కటే. ఫోన్ ఎవరిదో ఆ పిల్లకు ముందే తెలుసా, తెలిసి ఆ పేరు చెప్పబోయిందా? లేక తెలియదని చెప్పబోయిందా? లేక ఎవరిదో తెలిసీ చెప్పకూడదని తనే అనుకుందా? ఆ గదిలో అందరం తలా ఒక మాట మాట్లాడాం, నేను కూడా. ఆమె ఒక్కతే మాట్లాడలేదు.

అడిగాను. నాకు తొందర లేదమ్మీ, సాయంత్రం దాకా అయినా ఇక్కడే నిలబడతాను అని ముందే చెప్పి అడిగాను. అరచేయి బిడ్డ వీపు మీద ఆనించింది. ఊపిరి వదిలింది. పెదాలు తెరుచుకున్నాయి. నేను ఆగాను. రోడ్డు మీద ఆటోలు, లారీలు పోతున్నాయి. బిస్కెట్ ప్యాకెట్టు చించి ఇవ్వమని బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. ఆమె పెదాలు మూసుకున్నాయి. ప్యాకెట్టు చించింది, ఒకటి బిడ్డ చేతికిచ్చింది. "పోనీలే మేడమ్" అంది. ఎక్కడా తట్టుకోకుండా, గలగలా పాట పాడినట్టు అంది. కొంగు బిడ్డ నెత్తిన కప్పి, తను దిగాల్సిన చోటు వైపు నడిచి పోయింది.

అందుకే నాయనా, నువ్వు మాట్లాడాక నేను ఆగుతాను. మీ అక్కకు కూడా చెప్పు, ఆమెకు నీ మాట మధ్యలో అందుకునే అలవాటుంది, ఫోన్లో చూస్తున్నాను. మానుకోమను.

ఆ కొట్టు నీడలో నేను అడిగిన మాట ఇది.

"ఆ పొద్దు మేమందరం నోరు మూసుకుని నిన్ను చెప్పనిచ్చింటే, నువ్వేం చెప్పేదానివమ్మీ?"